టైప్ వన్ ఉంటే కొండెక్కకూడదా? ఆరు రోజుల ట్రెక్, ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోవట్లేదు

చిన్నమబ్బు
నాకు టైప్ వన్ షుగర్ వచ్చి మూడేళ్ళయింది. ఇప్పుడు 24. అంతకుముందు ఏడాదికి రెండు ట్రెక్‌లన్నా వెళ్ళేదాన్ని. షుగర్ వచ్చాక బూట్లు అటకెక్కాయి. మొన్న మా పాత బ్యాచ్ ఆరు రోజుల ట్రెక్ వేసుకుని నన్నూ రమ్మన్నారు. నాలుగో రోజు 4,200 మీటర్ల ఎత్తులో ఒక కనుమ దాటాలి. పడక డేరాల్లో. రాత్రి చలి సున్నా కిందికి పోతుంది. కరెంటుండదు, సిగ్నలుండదు.

ఇంట్లో చెబితే అమ్మ ఏడుపు. నాన్న మాట్లాడ్డం మానేశారు. పెద్దమ్మ ఫోన్ చేసి "ఇంట్లో కూర్చుంటేనే షుగర్ పడిపోయి లో అయిపోతున్నావు, కొండలెందుకమ్మా" అంది. వీళ్ళది భయం, అర్థం చేసుకోగలను. ట్రెక్ నడిపేవాళ్ళ మాటే గుచ్చుకుంది. ఫారంలో ఇన్సులిన్ వాడతానని నిజం రాశాను. "పూర్తి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళనే తీసుకెళ్తాం మేడం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. రాయకుండా ఉండాల్సిందని ఆ పూటంతా అనిపించింది.

రోజుకు నాలుగు సూదులు, పెన్నులతో. రాత్రి లాంగ్ యాక్టింగ్, అంటే రోజంతా నెమ్మదిగా పనిచేసేది. చేతికి షుగర్ చూపించే సెన్సర్ ఉంది, ఇన్సులిన్ ఎక్కించే పంప్ లేదు. నిజంగా వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి. "జాగ్రత్త" అనే మాట ఇప్పటికే కావలసినంత మంది చెప్పారు. నాకు కావలసింది ఎలా అన్నది.

పాతకాపు_86
నాకు 1986లో వచ్చింది, పన్నెండేళ్ళప్పుడు. అప్పట్లో సెన్సర్లూ లేవు, పెన్నులూ మా దాకా రాలేదు. సీసాలోంచి సిరంజితో లాగి పొడుచుకోవడమే. అలా కూడా తిరిగాం తల్లీ. వెళ్ళు.

కానీ ఒక్క మాట. షుగర్ వచ్చాక ఒక్క కొండా ఎక్కలేదన్నావు కదా. అంటే బరువు మోస్తూ ఆరేడు గంటలు నడిస్తే నీ ఒంట్లో ఇన్సులిన్ ఎలా పనిచేస్తుందో నీకింకా తెలియదు. ఆ సంగతి 4,200 మీటర్ల దగ్గర తెలుసుకోకూడదు. ముందు ఇంటికి దగ్గర్లోనే రెండు రోజులు వరసగా నడువు. అదే బ్యాగు, అదే బరువు, అవే బూట్లు. రెండో రాత్రి ఏమవుతుందో రాసిపెట్టుకో.

సందేహి
అడుసు తొక్కనేల కాలు కడగనేల.

మా బాబాయి కొడుక్కి టైప్ వన్. రెండేళ్ళ కిందట ఫ్రెండ్స్‌తో ఊరెళ్ళాడు. కొండా కాదు, ఏమీ కాదు. కడుపు పాడై వాంతులు. తినట్లేదు కదా అని ఇన్సులిన్ మానేశాడు. మర్నాటికి ఊపిరి ఎగబీలుస్తూ ఆసుపత్రిలో పడ్డాడు. నాలుగు రోజులు ఐసీయూ. పిన్ని ముఖం చూడలేకపోయాం. నేనైతే వద్దనే చెబుతాను. ఎవరేమనుకున్నా సరే.

రాత్రిడ్యూటీ
సందేహి గారూ, మీ తమ్ముడు కోలుకున్నందుకు సంతోషం. అలాంటివాళ్ళని వార్డులో చూస్తూనే ఉంటాను, అందుకే మీ భయాన్ని తీసిపారెయ్యను. కానీ అతన్ని ఐసీయూకి చేర్చింది ప్రయాణం కాదు. ఇన్సులిన్ ఆపడం. తిన్నా తినకపోయినా లివర్ రక్తంలోకి గ్లూకోజ్ వదులుతూనే ఉంటుంది. బేసల్ ఇన్సులిన్, అంటే లాంగ్ యాక్టింగ్‌లా రోజంతా ఒంట్లో ఉండేది, దానికోసం. అది లేకపోతే ఒళ్ళు కొవ్వును కరిగించుకుంటుంది, కీటోన్లు పేరుకుంటాయి, రక్తం ఆమ్లంగా మారుతుంది. జ్వరమొచ్చినా వాంతులైనా బేసల్ పూర్తిగా మానకూడదు. నిజానికి జబ్బు పడినప్పుడు ఇన్సులిన్ ఎక్కువే కావలసి రావచ్చు.

చిన్నమబ్బూ, రక్తంలో కీటోన్లు చూసే మీటర్, స్ట్రిప్పులు కొనుక్కో. 0.6 లోపు ఉంటే ఫర్వాలేదు. 1.5 దాటితే డాక్టర్‌తో మాట్లాడాల్సిందే. 3 దాటితే ఇంకేం ఆలోచించకుండా ఆసుపత్రి. వాంతులతో పాటు కీటోన్లు పెరుగుతుంటే మాత్రం నడక ఆపి వెనక్కి రావడమే, కనుమ వంద మీటర్ల దూరంలో కనబడుతున్నా సరే.

సందేహి
అదే నా ప్రశ్న. ఆసుపత్రి అన్నారు. మావాడికి అరగంట దూరంలో ఉంది. అక్కడ నుంచి అరగంటలో ఎక్కడికి వెళ్తుంది?

కొండగాలి
మంచి ప్రశ్నే వేశారు సందేహి గారూ, తోసిపుచ్చకూడదు. నేను టైప్ వన్‌తో మూడుసార్లు 4,000 మీటర్లు దాటాను. ప్రతిసారీ మొదట అడిగేది అదే. ఏ రోజు ఏ మలుపు దగ్గర నుంచి కిందికి దిగే దారి ఉంది, నడిచి ఎన్ని గంటలు, వాహనం ఎక్కడ దొరుకుతుంది, నాతో పాటు వెనక్కి ఎవరు దిగుతారు. ఇది కాగితం మీద రాసివ్వలేని ట్రెక్ అయితే నేను వెళ్ళను. షుగర్ లేనివాళ్ళు కూడా వెళ్ళకూడదు, ఎత్తు ఎవరి మీదైనా దెబ్బతీస్తుంది.

ఇక చలి సంగతి. మొదటిసారి నేను చేసిన తప్పు రాస్తున్నా, మీరు చెయ్యకండి. ఎండకి ఇన్సులిన్ పాడవుతుందని విని విని, చల్లగా ఉంటే మంచిదేననుకుని పెన్నులు బ్యాగు పైజేబులో పెట్టి డేరా మూల పడేశాను. పొద్దున తీస్తే పెన్ను లోపల సన్నటి తెల్లటి పలుకులు. అరచేతుల మధ్య పెట్టుకుని నిమిరాను, కరిగింది. చూడ్డానికి మామూలు నీళ్ళలా స్వచ్ఛంగానే ఉంది. అదే వాడాను. మధ్యాహ్నానికి షుగర్ 340. ఇంకో డోసు. తగ్గలేదు. అప్పుడర్థమైంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక ఎంత బాగా కనబడినా నమ్మకూడదు, పారెయ్యాలి. అదృష్టం బాగుండి రెండో సెట్టు మా దోస్తు జాకెట్ లోపల ఉంది.

అప్పట్నుంచీ పగలు పెన్నులు బనియన్ మీద గుడ్డ సంచిలో, డొక్కకి ఆనుకుని. రాత్రి స్లీపింగ్ బ్యాగులో నాతో పాటే. మీటర్, సెన్సర్ చూసే ఫోన్ కూడా లోపలే, చలికి బ్యాటరీ చూస్తుండగా పడిపోతుంది. 10 డిగ్రీల లోపు చాలా మీటర్లు మొరాయిస్తాయి. పరీక్షకి ముందు మీటర్ని చంకలో ఐదు నిమిషాలు పెట్టుకోవాలి.

పంప్‌పాప
చంకలో మీటర్ 😀 మా ఆయన దాన్ని చూసి థర్మామీటర్ అనుకున్నాడు.

కొండగాలి అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతా. పెన్నుకి సూది తగిలించి వదిలెయ్యొద్దు. వేడి చలి మారినప్పుడల్లా లోపలి ద్రవం కుంచించుకుని గాలి లాక్కుంటుంది. బుడగలు చేరతాయి, డోసు తగ్గిపోతుంది. వేసుకునే ముందు రెండు యూనిట్లు గాల్లోకి వదిలి చుక్క వస్తోందో లేదో చూడాలి.

నీలిలోతు
ఎండ ప్రాంతాలకి వెళ్ళేవాళ్ళకి దీనికి పూర్తిగా తిరగేసిన బాధ. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడకంలో ఉన్నది మామూలుగా 30 డిగ్రీల లోపు అయితే రకాన్ని బట్టి నాలుగు వారాల దాకా ఉంటుంది, పెట్టెలోని కాగితం చదవాలి. నీళ్ళలో నానబెట్టి వాడే కూలింగ్ పౌచ్‌లు ఉన్నాయి, కుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే. ఆవిరవుతుంటేనే చల్లదనం. కాబట్టి బ్యాగు అడుగున, ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెడితే పనిచెయ్యదు. గాలి తగలాలి. ఉక్కపోత ఎక్కువున్న చోట కూడా దాని బలం తగ్గుతుంది.

ఐస్ ముక్కల మీద నేరుగా పెట్టేవాళ్ళని చూశాను. అది కూడా గడ్డకట్టించడమే.

చిన్నమబ్బు
పెన్ను డొక్కకి ఆనించుకోవాలన్న సంగతి నాకు తట్టనే లేదు. నేనూ పైజేబులోనే పెట్టేదాన్ని. అందరికీ చాలా థాంక్స్, చదువుతూనే ఉన్నా.

పాతకాపు గారూ, రెండో రాత్రి అని ప్రత్యేకంగా ఎందుకన్నారు?

పాతకాపు_86
ఎందుకంటే మొదటి రోజు నువ్వు జాగ్రత్తగా ఉంటావు. రెండో రాత్రికి అలసిపోతావు, ధైర్యం కూడా వచ్చేస్తుంది.

ఒంటి సంగతి చెప్పాలంటే, నడిచేటప్పుడు కండరాలు తమలో దాచుకున్న గ్లూకోజ్ వాడేసుకుంటాయి. రాత్రి పడుకున్నాక దాన్ని రక్తంలోంచి లాక్కుని నింపుకుంటాయి. పైగా ఆ సమయంలో ఇన్సులిన్‌కి మామూలు కంటే గట్టిగా స్పందిస్తాయి. అందుకే లో నడకలోనే కాదు, అర్ధరాత్రి రెండింటికి కూడా వస్తుంది. నడక ఆపాక 24 గంటల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. వరసగా నాలుగు రోజులు నడిస్తే ఏ రోజుకారోజు పేరుకుంటూ పోతుంది.

నాకు మెలకువ వచ్చేసరికి డేరా గుడ్డ పట్టుకుని పీకుతున్నాను. ఎక్కడున్నానో తెలియదు. బనియన్ తడిసి ఒంటికి అతుక్కుపోయింది. పక్కనవాడి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. తల దగ్గర గ్లూకోజ్ బిళ్ళల డబ్బా ఉంది, దాని మూత తిప్పడం చేతకాలేదు. వేళ్ళు మొద్దుబారాయి. చివరికి పళ్ళతో కొరికాను. అప్పటి నుంచి రాత్రిపూట బిళ్ళలు డబ్బాలో ఉంచను. నాలుగు విడిగా తీసి, మూతలేని చిన్న గుడ్డ జేబులో, దిండు పక్కన. ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకో చాలు.

అమ్ము_అమ్మ
ఇది చదివి లేచి వెళ్ళి మా పాప బిళ్ళల డబ్బా మూత వదులు చేసొచ్చాను.

సైకిల్_సుబ్బు
లాంగ్ యాక్టింగ్ సగం చేసెయ్. నేను పెద్ద రైడ్ ఉన్న రోజు సగమే వేసుకుంటా. లో అన్న మాటే లేదు.

రాత్రిడ్యూటీ
సుబ్బు గారూ, మీకు సరిపోయింది ఆ అమ్మాయికి సరిపోతుందని చెప్పలేం. చాలామందికి డాక్టర్లు 20 శాతం తగ్గించడంతో మొదలుపెట్టమంటారు, తర్వాత చూసుకుని మార్చుకుంటారు. సగానికి కోస్తే ఒంట్లో ఇన్సులిన్ మరీ తక్కువై పొద్దున్నే కీటోన్లతో లేచే ప్రమాదం ఉంది. చిన్నమబ్బూ, ఆ రెండు రోజుల నడక లెక్కలు పట్టుకెళ్ళి మీ డాక్టర్‌కి చూపించు. నడక ముందు ఎంత, నడుస్తుంటే ఎంత, రాత్రి ఎంత. అప్పుడు అంకెలు ఆయన చెబుతారు.

ఇంకో సంగతి. ఏటవాలు ఎక్కుతున్నప్పుడో, భయమేసినప్పుడో షుగర్ పైకి పోతుంది. అడ్రినలిన్ పని అది. 260 చూసి కంగారుపడి, దాన్ని దించడానికి పెద్ద కరెక్షన్ డోసు వేసేస్తే గంటలో కింద పడతారు. వేసుకున్నా తక్కువ వేసి, నీళ్ళు తాగి, కాసేపు ఆగి చూడాలి.

సైకిల్_సుబ్బు
సరే, ఆ మాట నిజమే. పొద్దున్నే 280లు నాకూ వస్తాయి, కీటోన్లు ఎప్పుడూ చూసుకోలేదు. చూస్తాను.

ఒంటరిపక్షి
నేను ఇంతవరకు ఏ ట్రిప్‌లోనూ ఎవరికీ చెప్పలేదు. చెప్పిన మరుక్షణం నుంచి గాజుబొమ్మని చూసినట్టు చూస్తారు. "నువ్వు ఇది తినొచ్చా?" అని ప్రతి ముద్దకీ అడుగుతారు. చిన్నమబ్బుకి ఏం జరిగిందో చూశారుగా. నిజం రాసింది, తలుపేశారు. మళ్ళీ ఫారం నింపేటప్పుడు ఆ గడి ఖాళీగా వదిలెయ్.

నీలిలోతు
దీన్ని మాత్రం గట్టిగా కాదంటాను.

నేను స్కూబా చేస్తాను. ఒకప్పుడు ఇన్సులిన్ వాడేవాళ్ళని చాలాచోట్ల నీళ్ళలోకి దిగనిచ్చేవాళ్ళే కాదు. 2005లో డైవింగ్ వైద్యులు కూర్చుని వినోద డైవింగ్‌కి మార్గదర్శకాలు రాశారు. గత ఏడాదిలో తీవ్రమైన హైపో, అంటే గట్టి లో, వచ్చి ఉండకూడదు. దిగడానికి 60 నిమిషాల ముందు, 30 నిమిషాల ముందు, సరిగ్గా దిగబోయే ముందు, మూడుసార్లు షుగర్ చూసుకోవాలి. 150 కంటే తక్కువ ఉండకూడదు, పడిపోతూ ఉండకూడదు. లోతు 30 మీటర్లు, సమయం ఒక గంట దాటకూడదు. నీళ్ళలో ఉండగా లో అనిపిస్తే బొటనవేలు, చూపుడువేలు చాపి ఇంగ్లీషు ఎల్ అక్షరంలా చూపించాలి, జోడీగా ఉన్నవాళ్ళతో పైకి రావాలి.

ఆ వేళ్ళ గుర్తు ఎవరికి చూపిస్తాం? తెలిసినవాళ్ళకే కదా. దాచిపెట్టినవాళ్ళ వల్ల తలుపులు తెరుచుకోలేదు. ముందు చెప్పి, లెక్కలు చూపించి, ఇన్ని డైవ్‌లు క్షేమంగా చేసినవాళ్ళ వల్ల తెరుచుకున్నాయి.

పాతకాపు_86
పక్షీ, నేనూ ఇరవయ్యేళ్ళు దాచాను. ఒకసారి పడవ మీద లో అయ్యాను. మాట ముద్దగా వస్తోంది, తూలుతున్నాను. తాగాడనుకుని ఓ మూల కూర్చోబెట్టి పక్కకి తిరిగారు. నవ్వుకున్నారు కూడా. మా ఆవిడ పై నుంచి దిగొచ్చి జేబులో పంచదార నా నోట్లో పోసింది. ఆవిడ ఆ రోజు పడవ ఎక్కకపోయుంటే? ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆ నవ్విన కుర్రాళ్ళ తప్పేం లేదు. వాళ్ళకి నేను చెప్పలేదు.

ఒంటరిపక్షి
... సరే అన్నా. అందరికీ చెప్పను. ఒక్కరికి చెబుతా.

రాత్రిడ్యూటీ
ఇద్దరికి. ఒకరు ముందు నడుస్తుంటే ఒకరు మీతో ఉండాలి. వాళ్ళకి చెప్పాల్సింది మరీ ఎక్కువేం లేదు. 70 లోపు పడితే 15 గ్రాముల తీపి, 15 నిమిషాలాగి మళ్ళీ పరీక్ష. మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పొయ్యకూడదు, షుగర్ పెంచే మందు గ్లూకగాన్ ఇవ్వాలి. ఇంజెక్షన్ అయితే పొడిని కలిపి 1 మిల్లీగ్రామ్. ముక్కులో కొట్టేది అయితే 3 మిల్లీగ్రాములు, పీల్చాల్సిన పని కూడా లేదు, స్పృహ లేకపోయినా పనిచేస్తుంది. తర్వాత పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, వాంతి రావచ్చు. బయల్దేరే ముందు రోజు ఆ పెట్టె తెరిచి చూపించి, వాళ్ళ చేత చెప్పించుకోండి.

ఎత్తు మందుల గురించి కూడా అడుగు. కొండ దెబ్బకి ఇచ్చే డెక్సామెథజోన్ స్టెరాయిడ్, షుగర్‌ని ఆకాశానికి తీసుకెళ్తుంది. ఎసిటజోలమైడ్ రక్తంలో ఆమ్లత పెంచుతుంది, కీటోన్లున్నప్పుడు అది మంచిది కాదు. నీ డాక్టర్ చెప్పందే ఎవరైనా ప్రేమగా బిళ్ళ ఇచ్చినా వేసుకోవద్దు. తలనొప్పి, వికారం, నీరసం వచ్చాయంటే ఎత్తు వల్లా, లో వల్లా, కీటోన్ల వల్లా అని ఊహించుకోకు. వేలు పొడిచి చూడు. మూడింటికీ లక్షణాలు ఒకటే.

కొండగాలి
అవును. పైన ఆకలి చచ్చిపోతుంది, అదో తంటా. తింటానని ముందే బోలస్, అంటే భోజనం డోసు, వేసుకుని రెండు ముద్దలకే వెగటు పుట్టి కూర్చున్నాను ఒకసారి. పైన ఉన్నన్నాళ్ళు తిన్నాకే వేసుకుంటాను. కాస్త ఎక్కువకి పోతుంది, పోనీ.

మీటర్ అంకెలు కూడా ఎత్తులో కొంత అటూ ఇటూ ఉంటాయి, గ్లూకోజ్ ఆక్సిడేజ్ రకం స్ట్రిప్పుల్లో మరీ. అంకెని బట్టి కాదు, ఎటు పోతోందో బట్టి నడుచుకోవాలి. ఒంటికి లో అనిపిస్తే మీటర్ 95 అన్నా సరే నేను తీపి తినేస్తాను.

సందేహి
ఒక్కటడుగుతా. ఇన్ని లెక్కలు పెట్టుకుని వెళ్తే దాన్లో ఆనందం ఏముంది?

కొండగాలి
ఇంట్లో ఉన్నా ఇవే లెక్కలు సందేహి గారూ. సెలవు రోజున్నా నాకు షుగర్‌కి సెలవు లేదు. అవే లెక్కలు కొండ మీద వేసుకుంటే ఎదురుగా మంచు కొండ కనబడుతుంది.

సైకిల్_సుబ్బు
👏👏

పక్కన చిన్న కబురు. 2006 మేలో ఆస్ట్రియా వాడు గెరి వింక్లర్ టైప్ వన్‌తో ఎవరెస్ట్ ఎక్కాడు. మృత సముద్రం దగ్గర నుంచి, అంటే నేలమీద అన్నిటికంటే పల్లపు చోటు నుంచి బయల్దేరి. అదే నెలలో కొద్ది రోజులకే అమెరికా వాడు విల్ క్రాస్ కూడా. మా సైకిళ్ళ లోకంలో అయితే రైడర్లందరికీ షుగర్ ఉన్న ప్రొఫెషనల్ టీమే ఉంది.

పంప్‌పాప
వసీం అక్రమ్‌ని మర్చిపోయారు. 1997లో షుగర్ బయటపడింది. ఆ తర్వాతా ఆరేళ్ళు బౌలింగ్ వేశాడు, 2003 ప్రపంచ కప్‌లో వన్డేల్లో 500వ వికెట్ తీశాడు. మా నాన్నకి నా జబ్బు గురించి నేను చెప్పింది ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. అక్రమ్ పేరు చెప్పాక శాంతించాడు.

సందేహి
అక్రమ్‌కి టైప్ వన్నా? నాకు తెలియదు.

అమ్ము_అమ్మ
మా పాపకి పదకొండేళ్ళు. ఐదేళ్ళప్పుడు వచ్చింది. తల్లి వైపు నుంచి ఒక మాట రాయాలనిపించింది చిన్నమబ్బూ.

మీ అమ్మ సెన్సర్ అంకెలు తన ఫోన్‌లో చూస్తుందా? నేను చూస్తాను. పాప బడిలో ఉన్నా ఐదు నిమిషాలకోసారి వేలు దానంతటదే అటు పోతుంది. బాణం కిందికి తిరిగితే గుండె ఆగుతుంది. నువ్వు సిగ్నల్ లేని చోటుకి వెళ్తే ఆ గీత తెగిపోతుంది. ఖాళీ తెర. దాన్ని చూస్తూ మీ అమ్మ ఆరు రోజులు ఎలా గడుపుతుందో ఒక్కసారి ఊహించు. "నాకేం కాదులే అమ్మా" అంటే ఆవిడకి ఒరిగేదేం లేదు.

ఇలా చెయ్. ఏ రోజు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా తెర ఖాళీగా ఉంటుందో ముందే రాసివ్వు. ఏ ఊళ్ళో సిగ్నల్ వస్తుందో, అక్కడ నుంచి ఎప్పుడు ఫోన్ చేస్తావో చెప్పు. సాయంత్రాలు శాటిలైట్ పరికరం ఉన్నవాళ్ళెవరైనా ఉంటే ఒక్క మెసేజ్. బ్యాగు సర్దేటప్పుడు ఆవిడని పక్కన కూర్చోబెట్టుకో. సూదులు ఆవిడ చేత లెక్కపెట్టించు. మా పాప రెండు రోజుల క్యాంప్‌కి వెళ్ళినప్పుడు స్ట్రిప్పులు నేనే లెక్కపెట్టి ఇచ్చాను. ఆ రాత్రి పడుకోగలిగానంటే అందుకే.

చిన్నమబ్బు
అమ్ము వాళ్ళమ్మ గారూ, ఆఫీసులో కూర్చుని ఇది చదివి కళ్ళు తుడుచుకున్నాను. అమ్మ నా అంకెలు చూస్తుంది. రాత్రి మూడింటికి కూడా చూస్తుందని నాకు తెలుసు. ఆ ఖాళీ తెర సంగతి ఒక్కసారి కూడా ఆలోచించలేదు నేను.

విమానంలో వెళ్ళాలి మొదట. దాని గురించి ఎవరన్నా?

పంప్‌పాప
విమానమంటే నా దగ్గర పెద్ద జాబితానే ఉంది, ముఖ్యమైనవి చెబుతా.

ఇన్సులిన్ చెక్‌ఇన్ సామానులో వెయ్యొద్దు. కింద అరలో గడ్డకట్టొచ్చు, అసలు ఆ పెట్టే రాకపోవచ్చు. అంతా చేతిసంచిలో. అదీ రెండు వాటాలు చేసి ఒకటి నీ దగ్గర, ఒకటి ఫ్రెండ్ దగ్గర. కావలసినదానికి రెట్టింపు తీసుకెళ్ళాలి. డాక్టర్ ఉత్తరంలో ఇన్సులిన్ కంపెనీ పేరుతో పాటు అసలు మందు పేరు కూడా రాయించు, ఒక్కోచోట ఒక్కో పేరుతో అమ్ముతారు. తనిఖీ దగ్గర మెటల్ డిటెక్టర్‌తో ఇబ్బంది లేదు. ఎక్స్‌రే, బాడీ స్కానర్ల సంగతి కంపెనీని బట్టి ఉంటుంది. చాలా పంపులకి, కొన్ని సెన్సర్లకి అవి తగలకూడదంటారు, చేత్తో తనిఖీ చెయ్యమని అడగొచ్చు. నేను ఎప్పుడూ అడుగుతాను. కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

పంప్ వాళ్ళకి ఇంకోటి. విమానం పైకి లేచేటప్పుడు గాలి ఒత్తిడి తగ్గి, కార్ట్రిడ్జ్‌లో బుడగలు ఉబ్బి కొంచెం ఇన్సులిన్ అదనంగా పోవచ్చు. బుడగల్లేకుండా చూసుకోవాలి. ఇక పంప్ పాడైతే ఒంట్లో బేసల్ ఏమీ ఉండదు, కొన్ని గంటల్లోనే కీటోన్లు మొదలవుతాయి. వాగు దాటుతూ నాది నీళ్ళలో పడి చచ్చింది. బ్యాగులో లాంగ్ యాక్టింగ్ పెన్ను ఉండబట్టి మిగతా మూడు రోజులు తిరిగాను.

సైకిల్_సుబ్బు
దేశం మారితే మీటర్ అంకెలూ మారతాయి, కంగారుపడొద్దు. కొన్నిచోట్ల మిల్లీమోల్స్‌లో చెబుతారు. 18తో గుణిస్తే మన లెక్క. ఎవరో డాక్టర్ "ఫైవ్" అనగానే నేను చచ్చాననుకున్నా, అది 90.

రాత్రిడ్యూటీ
సిరంజి వాడేవాళ్ళు ఇంకా జాగ్రత్త. కొన్నిచోట్ల యూ-40, అంటే మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే సీసాలు, వాటి సిరంజిలు ఇంకా ఉన్నాయి. యూ-100 ఇన్సులిన్‌ని యూ-40 సిరంజితో లాగితే రెండున్నర రెట్లు పడుతుంది. అది ప్రాణం మీదికి తెస్తుంది. అరువు సిరంజి వాడొద్దు.

సైకిల్_సుబ్బు
తూర్పుకి ఎనిమిది గంటలు తేడా ఉన్న దేశం వెళ్తే రాత్రి డోసు ఎప్పుడు వేసుకోవాలి?

పాతకాపు_86
దానికి వేరే థ్రెడ్ పెట్టు సుబ్బూ, ఇక్కడ కలిపితే గందరగోళం. టూకీగా, తూర్పుకి వెళ్తే రోజు చిన్నదవుతుంది, రెండు డోసులు దగ్గరపడి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. పడమటికి వెళ్తే మధ్యలో ఖాళీ వస్తుంది. డోసు ఎంతో డాక్టర్‌ని అడుగు, విమానం టైములు పట్టుకెళ్ళి.

కొండగాలి
చిన్నమబ్బూ, ఆ ట్రెక్ వాళ్ళకి మళ్ళీ రాయి. ఈసారి ఫారం కాదు, ఒక పేజీ. గత మూడు నెలల షుగర్ లెక్కలు, డాక్టర్ ఉత్తరం, గ్లూకగాన్ ఇవ్వడం తెలిసిన ఇద్దరి పేర్లు, వెనక్కి దిగే దారులు. చాలాసార్లు వాళ్ళు కాదనేది మనల్ని చూసి కాదు, ఏం చెయ్యాలో తెలియక. అప్పటికీ కాదంటే వేరేవాళ్ళని వెతుక్కో. కొండ ఎక్కడికీ పోదు.

చిన్నమబ్బు
రెండు రోజుల నడక పూర్తి చేశాను. పాతకాపు గారు చెప్పినట్టే రెండో రాత్రి 2:10కి 58. బిళ్ళలు విడిగా పెట్టుకున్నాను, చీకట్లోనే దొరికాయి. డాక్టర్ లెక్కలు చూసి నడిచే రోజులకి బేసల్ తగ్గించారు. ట్రెక్ వాళ్ళకి పేజీ పంపాను. ఇంకా జవాబు లేదు.

సందేహి
58 అని చదివి నాకే చెమటలు పట్టాయి. జవాబొస్తే చెప్పమ్మా.

చిన్నమబ్బు
వెళ్ళొచ్చాను!!

మొదటి వాళ్ళు మళ్ళీ కాదన్నారు. ఇంకొకళ్ళు ఆ పేజీ చదివి ఫోన్ చేసి, గైడ్‌తో మాట్లాడించారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "నువ్వు లో అయితే బయటికి ఎలా కనబడతావు?" నా చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరూ నన్ను అలా అడగలేదు. నాకు కోపం వస్తుంది, ఊరికే చిరాకు పడతాను అని చెప్పాను. మూడో రోజు ఎవరో నీళ్ళ సీసా అడిగితే కసిరాను. ఆయన వెనక్కి తిరిగి "చూసుకో" అన్నాడు. 64.

కనుమ దాటిన రోజు పొద్దున సెన్సర్ అంకె రాలేదు, ఫోన్ చలికి ఆరిపోయింది. మీటర్ చంకలో పెట్టుకుని 😀 వేలు పొడిస్తే రక్తం రాలేదు, వేళ్ళు కర్రల్లా ఉన్నాయి. చెయ్యి గిరగిరా తిప్పి, ఊదుకుని, మూడోసారికి ఒక చుక్క. 171. నడవడం మొదలుపెట్టాం. పైకి చేరేసరికి తొమ్మిదైంది. అటువైపు లోయంతా మబ్బు కింద ఉంది, మేం దానిపైన. అక్కడే నిలబడి పెన్ను తీసి రెండు యూనిట్లు వేసుకున్నాను, చలికి పొట్ట మీద చర్మం ముడుచుకుపోయింది. మా బ్యాచ్ వాడొకడు ఫోటో తీశాడు. అమ్మకి ఆ ఫోటోనే పంపాను.

అమ్మ సూదులన్నీ లెక్కపెట్టి ఇచ్చింది, అమ్ము వాళ్ళమ్మ గారూ. 60. తిరిగొచ్చాక మిగిలినవి కూడా లెక్కపెట్టింది.

అమ్ము_అమ్మ
మిగిలినవి లెక్కపెడుతుందని నాకు తెలుసు ❤️

పాతకాపు_86
సెబాస్. ఆ ఫోటో మాకూ పెట్టు తల్లీ.

ఒంటరిపక్షి
వచ్చే వారం నేను వెళ్తున్నా. ఇద్దరికి చెప్పాను.

సందేహి
మా తమ్ముడికి ఈ థ్రెడ్ పంపాను. రాత్రంతా కూర్చుని చదివినట్టున్నాడు. వాడు ఇక్కడ రాయడు, నన్ను అడగమన్నాడు. కీటోన్ స్ట్రిప్పులు ఎక్కడ పెట్టుకున్నావని.

చిన్నమబ్బు
జాకెట్ లోపలి జేబులో ఎడంవైపు, పెన్నుల పక్కనే. తను అడగాల్సింది ఇంకేమైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టమనండి.